మూడో సూటు

"ఆ బల్ల మీద చెయ్యి వేశావంటే ఊరుకోను," అంది అత్తగారు కొడుకుతో, చీపురు గుమ్మానికి అడ్డంగా పట్టుకొని. "పోయిన వారం నువ్వే కదరా దాన్ని ఈ గదిలోకి మోయించావు? పడగ్గదిలో ఆ టకటకలకి నిద్ర పట్టడం లేదన్నావు. ఇప్పుడు మళ్ళీ పడగ్గదిలోకే అంటున్నావు. అది బల్లా, తోపుడు బండా?"

"నా బల్లమ్మా అది. నా కంప్యూటరు. నా గదిలో ఉంటుంది."

"అలాగైతే అది మోసినప్పుడు పట్టేసిన నా నడుం కూడా బాగుచేసి ఇయ్యి. అదీ నాదే."

కొడుకు పళ్ళు బిగించాడు. తల్లి చీపురు దాటడం పెద్ద పని కాదు. కానీ బల్ల ముందు అతని తండ్రి, పెద్దాయన, కూర్చొని ఉన్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు, ముక్కు చివర కళ్ళజోడు, చెయ్యి మౌస్ మీద. గుమ్మంలో గొడవ పక్కింటి వాళ్ళదైనట్టు, స్క్రీన్ మీద కనిపిస్తున్న రాళ్ళ నేలనే చూస్తున్నాడు.

మంచం అంచున కోడలు, ఒళ్ళో ల్యాప్‌టాప్. ఆ స్క్రీన్ మీదా అదే ఆట, అదే నేల, అవే డ్రిల్లులు, అవే బెల్టులు.

"నువ్వేం మాట్లాడవేం?" అన్నాడు భార్యతో.

"ఏం మాట్లాడమంటారు? మావయ్య లేస్తే తీసుకెళ్ళండి."

"ఎప్పుడు లేస్తారు?"

"అది ఆయన్నే అడగండి."

అడగలేడని ఆమెకు తెలుసు. తండ్రిని సూటిగా ఒక మాట అడగడం అతనికి అలవాటు లేదు. తల్లి ద్వారా అడిగి, తల్లి ద్వారా జవాబు తెలుసుకోవడమే చిన్నప్పటి నుంచీ ఆ ఇంటి పద్ధతి.

పెద్దాయన ఉన్నట్టుండి ముందుకు వంగాడు. "అమ్మాయ్, కొలిమి దగ్గర సరుకు తగ్గింది, చూశావా?"

"చూశాను మావయ్యా. మోసే డ్రోను భోజనానికి వెళ్ళింది."

"చెప్పకుండా వెళ్ళిందా? జీతం కొయ్యి."

ఇద్దరూ నవ్వారు. పెద్దాయన నవ్వు చాలాకాలంగా వాడని తలుపు తెరిచినట్టు కిర్రుమంటూ వచ్చి, తర్వాత సాఫీగా సాగింది.

అతను చీపురుకి ఇవతలే ఆగిపోయాడు. తన కోపం బల్ల మీద కాదని ఆ నవ్వు విన్నాక అతనికే తెలిసిపోయింది.

* * *

అసలు ఆ ఆటను ఇంట్లోకి తెచ్చింది అతనే. అదే అతనికి మింగుడు పడటం లేదు.

పెళ్ళైన కొత్తల్లో, భార్యతో కలిసి ఆడుకోవచ్చని సరదాపడి కొన్నాడు. ఆకాశంలో ఎక్కడో తిరుగుతున్న ఒక పెద్ద బండరాయి మీద దిగాలి. దాన్ని తవ్వాలి, తవ్వింది కరిగించాలి, ఆ లోహంతో యంత్రాలు చేసుకోవాలి. చివరికి మనిషి చెయ్యి పెట్టకుండా అన్నీ వాటంతటవే నడవాలి. రోజంతా లిఫ్టు మోటార్లతో కుస్తీ పట్టి వచ్చే మెకానిక్కుకి అది తొందరగానే మొహం మొత్తింది. 'ఇదేం ఆట, ఓవర్‌టైము లాగుంది' అని వదిలేశాడు.

ఆమె వదల్లేదు. ఒక్కతే ఆడుకుంటూ ఉంటే, గాజు సీసాల ఫ్యాక్టరీలో ఫోర్‌మాన్‌గా రిటైరై, గోడలకేసి చూస్తూ కూర్చునే పెద్దాయన ఒకరోజు వెనక నిలబడి, "ఆ మలుపులో ఇరుక్కుంటుంది" అన్నాడు. ఇరుక్కుంది. మర్నాడు ఆయనకూ ఒక కుర్చీ పడింది.

బాల్కనీలో తల్లి ఆరిన బట్టలు తీస్తోంది. అతను వెళ్ళి దండెం అవతల నిలబడ్డాడు.

"మీ నాన్న నవ్వడం విన్నావుగా," అంది ఆవిడ, దిండు గలీబు దులుపుతూ. "మా పెళ్ళి ఫోటోలో కూడా లేదు ఆ నవ్వు. ఫోటో తీసేవాడు బతిమాలినా రాలేదు."

"నువ్వేగా చీపురు అడ్డం పెట్టి మరీ కాపలా కాసింది?"

"కాపలా కాసింది నా నడుం కోసం. ఆయన కోసం కాదు." ఆవిడ గొంతు తగ్గించింది. "నిన్న అడిగాను, ఏమిటండీ అంత నవ్వొచ్చిందని. 'చెప్పినా నీకు అర్థం కాదులే' అన్నారు. ఇన్నేళ్ళు ఆయన సణుగుళ్ళన్నీ అర్థం చేసుకున్నదాన్ని, నాకు అర్థం కానిది ఆ చందమామ మీద ఏముందట?"

"చందమామ కాదమ్మా, ఏదో బండరాయి."

"ఏదైతేనేం. ఈ వయసులో బండరాయి సవతి వచ్చింది నాకు."

అతనికి నవ్వు రాబోయి ఆగింది. తల్లి అతని మొహంలోకి చూసింది.

"నాకు కుళ్ళు. ఒప్పుకుంటున్నాను. నువ్వు కూడా ఒప్పుకుంటే నీకూ కాస్త తేలిగ్గా ఉంటుంది."

"నాకేం కుళ్ళు? నా కంప్యూటరు గురించి మాట్లాడుతున్నాను."

"అవునవును, కంప్యూటరు గురించే," అంది తల్లి, అతని చొక్కాను అతని భుజం మీదే వేస్తూ.

* * *

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గది తలుపు ఓరగా వేసి ఉంది. అటుగా వెళ్తూ అతను ఆగాడు. ఆగాలని అనుకోలేదు.

"బెల్టు మీద వచ్చే సరుకు చూడకమ్మాయ్," అంటున్నాడు పెద్దాయన లోపల. "అందరూ అదే చూస్తారు. నువ్వు సరుకుకీ సరుకుకీ మధ్య ఖాళీలు చూడు. ఖాళీ పెరిగిందంటే వెనక ఎక్కడో ఏదో నలుగుతోందన్న మాట. మా సీసాల లైను దగ్గర నేను అదే చూసేవాణ్ణి."

"అయితే నలిగేది రాయి దంచే యంత్రం దగ్గర మావయ్యా. నేను దాని పక్కన ఇంకోటి పెడదామనుకుంటున్నాను. మీరేమంటారు?"

"నువ్వేమనుకుంటున్నావో అది చెప్పు ముందు."

"పెట్టాలి."

"శభాష్. పెట్టు."

శభాష్. అతను ఆ మాట తండ్రి నోట వినడం అదే మొదలు. అదైనా తలుపు వెనక నుంచి.

తోసుకొని లోపలికి వెళ్ళాడు. "నాకూ చోటుందా?" నవ్వుతూ అడుగుదామనుకున్నాడు గానీ, అప్పు వసూలుకొచ్చినవాడి గొంతులా వినిపించింది.

కోడలు మొహం వెలిగింది. అది నిజమైన వెలుగే. ల్యాప్‌టాప్ అతని చేతుల్లో పెట్టి పక్కకి జరిగింది. "రండి రండి. ఆటలో మీ స్పేస్ సూటు, మూడోది, ఇంకా లాకర్లోనే ఉంది. నీలం రంగుది, మీరే వేశారుగా."

లాకరు తెరిచాడు. సూటు కనిపించలేదు. నిండా రాగి తీగల చుట్టలు.

"అయ్యో, చెప్పడం మర్చిపోయాను," అందామె. "ఖాళీగా ఉంది కదాని తీగ అందులో పెట్టాం. చుట్టల వెనక చూడండి, ఉంటుంది."

"ఖాళీగా ఉంది కదాని," అన్నాడు అతను.

చుట్టలు ఒక్కొక్కటే బయట పడేసి సూటు తొడుక్కున్నాడు. పెద్దాయన స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండానే పని చెప్పాడు. "దంచే యంత్రంలో రాయి ఇరుక్కుంది. తీసెయ్. నేను మంచు తవ్వడానికి అవతలి వైపు వెళ్తున్నాను."

అప్పుడే వంటింట్లోంచి అత్తగారు, "అమ్మాయ్, ఈ గ్యాసు పొయ్యి మళ్ళీ వెలగడం లేదు, ఒకసారి రా," అని కేకేసింది. కోడలు లేచింది. "రాయి మీద క్లిక్ చేసి లాగడమే. అంతే," అని చెప్పి వెళ్ళింది.

అతను యంత్రం ముందు నిలబడ్డాడు. పళ్ళ చక్రాలు తిరగలేక వణుకుతున్నాయి. మధ్యలో నల్లటి రాయి.

తిరిగే యంత్రంలో చెయ్యి పెట్టకూడదు. ముందు మెయిన్ తియ్యాలి, దానికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకోవాలి, ఆ తర్వాతే ముట్టుకోవాలి. లిఫ్టు మెకానిక్కుకి అది అన్నం కలిపే ముందు చెయ్యి కడుక్కోవడం లాంటిది. అతను ఆలోచించలేదు. పవర్‌హౌస్ దాకా నడిచి, గోడకున్న పెద్ద మీట కిందికి లాగాడు.

దీపాలన్నీ ఆరిపోయాయి. డ్రిల్లులు, బెల్టులు, కొలుముల గర్జన, అన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఇంత నిశ్శబ్దం ఈ ఆటలో ఉందని అతనికి తెలియదు.

హెల్మెట్ దీపం వెలుగులో రాయి తీశాడు. తీసి ఊరుకోలేదు. పళ్ళ మధ్య ఇరికిన పొడి కూడా తీశాడు. తొందరపడలేదు. పని అంటే అలాగే చెయ్యాలి. అంతా అయ్యాక వెళ్ళి మీట పైకి నెట్టాడు.

ఏమీ వెలగలేదు.

"అమ్మాయ్, ఇక్కడ గాలి తగ్గిపోతోందేమిటి?" అంటూ పెద్దాయన తలెత్తి, కోడలు స్థానంలో కొడుకు ఒక్కడే ఉండటం చూశాడు. హెడ్‌ఫోన్లు తీశాడు. "ఏం ముట్టుకున్నావ్?"

"మెయిన్ తీశాను. చెయ్యి పెట్టే ముందు తియ్యాలి కదా."

"అక్కడ చెయ్యెక్కడుందిరా? అది బొమ్మ చెయ్యి!"

"మళ్ళీ పెట్టాను. రావడం లేదు."

"ఎలా వస్తుంది? జనరేటరు తిరగాలంటే కాల్చడానికి నల్లరాయి కావాలి. నల్లరాయి తవ్వే డ్రిల్లుకి ఆ జనరేటరు కరెంటే కావాలి. నువ్వక్కడ తీరిగ్గా తుడుస్తున్నంతసేపూ అది ఉన్న రాయంతా కాల్చేసుకొని కూర్చుంది." పెద్దాయన తన స్క్రీన్‌ని కొలుముల వైపు తిప్పాడు. లోపల కరిగిన లోహం ఎరుపు పోయి, బూడిద రంగు గడ్డలుగా బిగుసుకుపోతోంది.

ఆయన పనిచేసిన చోట గాజు కొలిమిని పగలూ రాత్రీ ఎప్పుడూ ఆర్పేవారు కాదు. ఆరితే గాజు గడ్డకట్టి కొలిమే పనికిరాకుండా పోయేది. సెలవులకీ, తుపానులకీ, చివరికి తన సొంత తండ్రి పోయిన రోజుకీ ఆపని కొలిమి ముందు బతికిన మనిషి. ఆ గడ్డల వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"అప్పుడూ ఇంతే చేశావు."

గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. చీకటి స్క్రీన్ చూసింది. అతన్ని చూసింది. ఏదైనా అంటే బాగుండుననిపించింది అతనికి.

"పోనీలే అమ్మాయ్," అన్నాడు పెద్దాయన, గొంతు పూర్తిగా మారిపోయి. "కూర్చో. పలుగులు తీసుకొని చేత్తో తవ్వుదాం. ఇద్దరం తవ్వితే జనరేటరు ఒకసారి తిరిగేంత రాకపోదు."

ఇద్దరం. గదిలో ముగ్గురున్నారు.

అతను ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టి లేచాడు.

* * *

సాయంత్రం వంటింట్లో ఆమె కూరగాయలు తరుగుతోంది. అతను వచ్చి నీళ్ళు తాగాడు. గ్లాసు కడిగాడు. ఎండిన గ్లాసునే మళ్ళీ తుడిచాడు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్తావా?" అంది ఆమె. పెద్దల ముందు ఉన్న 'మీరు' ఇద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు ఉండదు. "కావాలని చేశావా?"

"నీకూ అదే అనుమానమా?"

"అనుమానం కాదు, అడుగుతున్నాను."

"చదువైపోయాక ట్రైనింగుకని నాన్న ఫ్యాక్టరీలోనే చేరాను. నీకు చెప్పలేదు." అతను గ్లాసు పెట్టేశాడు. "సీసాల లైను దగ్గర ఒకాయన చేతి తొడుగు రోలరులోకి పోతున్నట్టు కనిపించింది. ఎర్ర బటన్ నొక్కాను. లైనంతా ఆగిపోయింది. వెనకున్న సీసాలు ఒకదాని మీద ఒకటి పడి పగిలాయి. ఆయన చెయ్యి బాగానే ఉంది. ముందే తీసేసుకున్నాడట. నాన్న వచ్చాడు. ఎందుకు నొక్కావని అడగలేదు. అంతమంది ముందూ, 'ఇంటికి పో' అన్నాడు. పోయాను."

ఆమె కత్తి ఆపింది. "నాకు తెలీదు."

"నీకేమో శభాష్. నీకేమో 'నువ్వేమనుకుంటున్నావు'. నీకేమో 'పోనీలే అమ్మాయ్'. నేను ఆయన కొడుకుని. నాకు రాని మాటలన్నీ నీకొస్తున్నాయి. నీ నవ్వులన్నీ ఆయనకి పోతున్నాయి. మధ్యలో నాకు మిగిలింది రాగి తీగల లాకరు."

"నేనడిగిన దానికి జవాబు అది కాదు."

పొయ్యి మీద గిన్నె మూత చిన్నగా కొట్టుకుంటోంది.

"మీట లాగింది అలవాటు కొద్దీ. ఒట్టు. కానీ చీకటి పడ్డాక..." అతను కిటికీ వైపు తిరిగాడు. "హాయిగా అనిపించింది. అందుకే మెల్లగా తుడిచాను."

నిజం చెప్పమని అడిగింది ఆమే. విన్నాక కత్తి పక్కన పెట్టింది.

"డయాగ్నస్టిక్ సెంటరు రిసెప్షన్ దగ్గర పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నేననే మాట ఒక్కటే," అంది. "'కూర్చోండి, పిలుస్తారు.' ఇంటికొస్తే అత్తయ్య ఏం వండాలో చెప్తుంది. ఎటు వెళ్ళాలో నువ్వు చెప్తావు. నేనేమనుకుంటున్నానని ఈ ఇంట్లో అడిగింది ఆయనొక్కడే. అది కూడా ఒక బండరాయి గురించి. దాని మీద కూడా నీకు కుళ్ళా?"

"అవును," అన్నాడతను. మొదటిసారి ఒప్పుకున్నాడు. తల్లి చెప్పినట్టు తేలిగ్గా ఏమీ లేదు. "అందుకే వెళ్ళిపోదాం. మనిద్దరం. ఇల్లు చూశాను. నేను లిఫ్టు చూసే బిల్డింగులోనే, పై అంతస్తు. గాలీ వెలుతురూ బాగుంది."

"ఎప్పుడు చూశావు?"

"మొన్న. ఓనరుకి మాట కూడా ఇచ్చాను."

ఆమె అతని వైపు చూసింది. కోపంగా కాదు. ఇంకేదో వస్తుందేమోనని ఎదురుచూస్తున్నట్టు. అతను అద్దె ఎంతో చెప్పాడు.

ఆమె మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. ముక్కలు ఇందాకటికన్నా చిన్నవిగా పడుతున్నాయి.

* * *

రాత్రి భోజనాల వేళకి ఆడపడుచు దిగింది. తమ్ముడు ఫోన్ చేస్తే కుట్టుమిషను ఆపి, మెడలో టేపు తీయడం కూడా మరిచి వచ్చేసింది.

"ఏమిట్రా అంత అర్జెంటు? గొంతు వింటే ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకున్నాను."

"కూర్చో అక్కా. అందరూ కూర్చోండి. ఒక మాట చెప్పాలి."

అందరూ కూర్చునే ఉన్నారు. పెద్దాయన అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకొని సబ్బు వాసన చూసుకుంటున్నాడు. ఆయన ఏదైనా ఇబ్బందిగా ఉన్నప్పుడు చేసే పని అది. మధ్యాహ్నమంతా తవ్వి తవ్వి, చివరికి జనరేటరు తిరిగిందట. ఆ సంగతి కోడలితోనే చెప్పాడు, గుసగుసగా. అది కూడా కొడుకు చెవిన పడింది.

"మేం వేరే ఇల్లు చూసుకున్నాం, నేను లిఫ్టు చూసే బిల్డింగులో," అన్నాడతను. "వచ్చే నెల వెళ్ళిపోతున్నాం."

అత్తగారి చేతిలో గరిటె గిన్నెలోకి జారింది. "ఎందుకురా? ఎవరేమన్నారు నిన్ను?"

"ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనరు, అదే."

"బల్ల గురించేనా? తీసుకుపోరా బాబూ! నాలుగు బల్లలు తీసుకుపో!"

"నువ్వుండమ్మా," అంది ఆడపడుచు. చూపు కోడలి మీదే ఉంది. "వీడి బుర్రలో ఇంత దూరం ఆలోచన ఎక్కడిది? ఇది వీడు అంటున్న మాట కాదు, ఎవరో అనిపిస్తున్న మాట. ఏం మరదలా, బాగానే నూరిపోశావే! పగలంతా మావయ్యా మావయ్యా అంటూ పక్కనే కూర్చుని, రాత్రికి మూటాముల్లె సర్దుతున్నావా?"

"అక్కా, తనకేం సంబంధం లేదు."

"నువ్వు మాట్లాడకు. పెళ్ళాన్ని వెనకేసుకు రావడం మాత్రం బాగా నేర్చుకున్నావు."

పెద్దాయన నోరు తెరిచాడు. ఈ ఇంట్లో ఏ గొడవలోనూ ఆయన నోరు తెరిచినవాడు కాదు. అందరూ అటు తిరిగారు. కొడుకు కూడా తిరిగాడు. ఏదైనా అంటే చాలు. ఉండిపొమ్మంటే ఉండిపోయేవాడేమో. ఎందుకు వెళ్తున్నావని అడిగినా చాలు.

"ఆ బిల్డింగుకి జనరేటరు ఉందా?" అన్నాడు పెద్దాయన.

అడిగి ఆయన తల దించుకొని, చల్లారిన అన్నం కెలికాడు.

కొడుకు మొహం మాడిపోయింది. "ఉంది," అన్నాడు.

కోడలు లేచి, అత్తగారు జారవిడిచిన గరిటె గిన్నెలోంచి తీసి, తుడిచి, పక్కన పెట్టింది. కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడే, పొద్దున్నే పాలవాడికి ఏదో చెప్పాల్సినంత మామూలు గొంతుతో మాట్లాడింది.

"వదినా, ఇల్లు ఆయన చూశారు. ఓనరుకి మాట ఆయనిచ్చారు. నాకు ఈ సాయంత్రం చెప్పారు. ఆయన వెళ్తానంటే నేను ఆపను, వెళ్ళాలనిపించడానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి. నేను మాత్రం వెళ్ళడం లేదు."

ఆడపడుచు మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంది.

"అంటే..." అత్తగారికి మాట తడబడింది. "వాడక్కడా, నువ్విక్కడా? మొగుణ్ణి పంపించేసి అత్తామామల దగ్గర కాపురమా? ఎక్కడైనా ఉందా తల్లీ?"

"ఎక్కడుందో నాకూ తెలీదు అత్తయ్యా." కోడలు భర్త వైపు తిరిగింది. "నేనేమనుకుంటున్నానో మీరు అడగలేదు. అందుకే అందరి ముందూ చెప్తున్నాను. వచ్చే నెల మీరు వెళ్ళండి. నేను ఇక్కడే ఉంటాను."